ముసురు పట్టిన మూడు రోజుల సూర్యుడు

ముందే చెప్పేస్తాను. ఇందులో దయ్యం లేదు. నేను ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. మా ఇంట్లో దిష్టి తీస్తుంటే పక్కకి తిరిగి నవ్వుకునే రకం. స్టాఫ్ రూములో ఎవరైనా ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందని చెబితే, ఆ ఇంటి వైరింగ్ ఎవరు చేశారని అడిగేవాణ్ణి. ఇప్పుడూ నా నమ్మకాలేమీ మారలేదు. కానీ పట్టపగలు, ఉదయం తొమ్మిదిన్నరకి, నా చేత్తో నేను ముట్టుకున్న ఒక వస్తువు గురించి నా దగ్గర జవాబు లేదు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆ విషయంలో నేను సంతకం పెట్టి ఒక అబద్ధం రాసిచ్చాను. దాని వల్ల నాకంటే పెద్దాయన ఒకరు మాట పడ్డారు, పని పోగొట్టుకున్నారు. అంతకంటే పెద్ద నష్టం కూడా జరిగిందని చాలా ఆలస్యంగా తెలిసింది. నాకిప్పుడు యాభై నాలుగేళ్లు. ఇంక దాచుకుని చేసేదేమీ లేదు.

మాది విజయవాడ, పటమట. నేను పనిచేసిన కాలేజీ పేరు చెప్పను. ఆ కాలేజీ ట్రస్టుకి మంగళగిరి అవతల ఒక కొండ మీద అబ్జర్వేటరీ ఉంది. అబ్జర్వేటరీ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గుండ్రటి గది, దాని మీద రేకు డోమ్, లోపల ఆరు అంగుళాల పాత టెలిస్కోపు, కింద రెండు గదులు. కృష్ణ మీంచి వచ్చే తేమ ఒకటి, చుట్టూ ఊళ్ల దీపాలు ఒకటి, రాత్రిపూట అక్కణ్ణుంచి చూడగలిగేది తక్కువ. అందుకని మొదట్నుంచీ అక్కడ పని పగలే జరిగేది. సూర్యుణ్ణి గమనించడం.

సూర్యుడి మీద నల్లమచ్చలుంటాయి. పుడతాయి, పెరుగుతాయి, కొన్నాళ్లకి పోతాయి. రోజూ అవి ఎక్కడెక్కడున్నాయో గీసి పెడితే, ఏళ్ల తరబడి పోగైన ఆ బొమ్మలు శాస్త్రవేత్తలకి చాలా విలువైనవి. టెలిస్కోపులోంచి సూర్యుణ్ణి నేరుగా చూస్తే చూపు పోతుంది కాబట్టి, మామూలుగా కన్ను పెట్టే చోట, అంటే ఐపీస్ వెనకాల, ఒక చెక్కకి తెల్లకాగితం బిగిస్తాం. సూర్యబింబం సాసరంత సైజులో ఆ కాగితం మీద పడుతుంది. కాగితం మీద ముందే అచ్చువేసిన వలయం ఉంటుంది. బింబాన్ని వలయంలో కుదిర్చి, మచ్చ పడినచోట పెన్సిలుతో దిద్దుతాం. రోజుకొక కాగితం. మబ్బు పట్టిన రోజు ఖాళీ వలయంలో నీలం పెన్సిలుతో 'మబ్బు' అని రాసి ఫైల్లో పెట్టేస్తాం.

బొమ్మ అయ్యాక పది నిమిషాల దాకా ఐపీస్ ముట్టుకోం. ఎండంతా ఆ చిన్న గాజులోంచే వస్తుంది కనక అది కాలిపోతూ ఉంటుంది. చల్లారాక మూత పెడతాం.

ఈ బొమ్మలు గీసేది ఆశీర్వాదం గారు. చల్లపల్లి మనిషి. కుర్రతనంలో ల్యాబ్ అటెండరుగా చేరి, ముప్పై ఒక్క ఏళ్లు ఆ కొండ మీదే గడిపారు. మంగళగిరిలో అద్దెకుండి రోజూ మోపెడ్ మీద పైకి వచ్చేవారు. ఆదివారం తెల్లవారుజామున చర్చికెళ్లి, అక్కణ్ణుంచి నేరుగా కొండకే. కూతురి పెళ్లి రోజు కూడా తొమ్మిదింటికి బొమ్మ గీసి, చేతులకి పెన్సిలు మసితోనే పెళ్లికెళ్లారట. ఆ సంగతి ఆయన భార్య సువార్తమ్మ గారు ఎవరు కనిపించినా చెప్పేవారు, గొప్పగా కాదు, దెప్పుతూ.

ఆయన చూపు ఎలాంటిదో ఒక్కటి చెబుతాను. ఒకరోజు ఒక మచ్చల గుంపు మీద తెల్లటి మెరుపు కనిపించి రెండు నిమిషాల్లో పోయిందని, టైముతో సహా గీసి పెట్టారు. అలాంటి మెరుపు మామూలు టెలిస్కోపుకి చిక్కడం చాలా అరుదు. మేమెవరం పట్టించుకోలేదు. తర్వాత చూస్తే అదే నిమిషానికి ఉపగ్రహాలు కూడా దాన్ని పట్టుకున్నాయి. అప్పుడు ఒక విదేశీ కేంద్రం వాళ్లు రాశారు, ఆయన గీసిన బొమ్మలన్నీ పంపితే ఆయన పేరుతోనే భద్రపరుస్తామని. ఆ ఉత్తరాన్ని ప్రింటు తీయించి బైబిల్లో పెట్టుకున్నారాయన.

అప్పటికి ఆయన రిటైరయ్యారు. ట్రస్టు ఆయన ఉద్యోగాన్ని ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తోంది. నేను అబ్జర్వేటరీ ఇన్‌చార్జిగా వచ్చి రెండేళ్లు. పెన్సిలు బొమ్మలు మానేసి కెమెరా పెట్టాలని నా పట్టుదల. ఎవరొచ్చినా ఆశీర్వాదం గారిని అడగడం, నన్ను దాటుకుని ఆయన దగ్గరికి వెళ్లడం నాకు నచ్చేది కాదు. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆరేళ్ల కిందట కార్తీకంలో తుఫాను వచ్చింది. గురువారం సాయంత్రం నేనూ ఆయనా డోమ్ భద్రం చేయడానికి పైకెళ్లాం. డోమ్‌కి ఉండే, టెలిస్కోపు ఆకాశాన్ని చూసే రేకు తలుపు మూసి, ఇనుప గడియ వేసి, గడియకి నైలాన్ తాడు నేనే కట్టాను. టెలిస్కోపు మీద టార్పాలిన్ కప్పాం. కిందికి దిగేలోపు గాలి మొదలైంది. శుక్రవారం పొద్దునకి కొండదారి మీద బండలు జారిపడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆదివారం సాయంత్రం దాకా పైన మేమిద్దరమే. బియ్యం, గోంగూర పచ్చడి, బిస్కెట్లు, కిరసనాయిలు స్టవ్వు ఉన్నాయి. వాన ఒక్క గంట కూడా తెరిపివ్వలేదు. మధ్యాహ్నం కూడా టార్చి లేకుండా పేపరు చదవలేనంత చీకటి.

శుక్రవారం తొమ్మిదింటికి ఆయన అలవాటుగా పై గదికి వెళ్లారు. శనివారం కూడా అంతే. నేను అడగలేదు. 'మబ్బు' అని రాసి రావడానికి వెళ్తున్నారనుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన సరిగా తినలేదు, మాట్లాడలేదు. ఇంటిమీద బెంగేమో అనుకున్నాను.

ఆదివారం పై గదిలోంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించి నేనూ మెట్లెక్కాను.

టార్పాలిన్ తీసేసి ఉంది. ఆశీర్వాదం గారు స్టూలు మీద కూర్చుని, చెక్కకి బిగించిన కాగితం మీద గీస్తున్నారు. పక్కన మేకుకి టార్చి వేలాడుతోంది. నేను పైకి చూశాను. రేకు తలుపు మూసే ఉంది. గడియ వేసే ఉంది. నేను కట్టిన తాడు, నేను వేసిన ముడి అలాగే ఉన్నాయి. రేకు మీద వాన మోత.

ఏం చేస్తున్నారని అడిగాను. ఆయన తల తిప్పకుండా, గొంతు తగ్గించి అన్నారు.

"కదలకండి సార్. ఇంకా రెండున్నాయి."

కాగితం మీద నాకు సూర్యబింబం కనిపించలేదు. ఈ మాట ఖచ్చితంగా చెప్పాలి. టార్చి వెలుగు తప్ప ఇంకే వెలుగూ లేదు. ఆయన మాత్రం పెన్సిలు మొన ఎక్కడో ఆనించి, ఆగి, మళ్లీ ఆనించి, అన్ని రోజులూ గీసినట్టే గీశారు. టైము వేశారు. సంతకం పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. అంటే ఈయన మబ్బు రోజుల్లో కూర్చుని ఊహించి గీస్తున్నాడన్నమాట, ముప్పై ఒక్క ఏళ్ల రికార్డు ఇదన్నమాట, అనుకున్నాను. లోలోపల కొంచెం సంతోషం కూడా వేసింది. ఒక్క మాటా అనకుండా, టెలిస్కోపు తడిసిపోతుందని టార్పాలిన్ కప్పబోయి, ముందు ఐపీస్‌కి మూత పెడదామని దాన్ని పట్టుకున్నాను.

కాలింది.

మామూలుగా కాదు. బొటనవేలు, చూపుడువేలు రెండూ చుర్రుమన్నాయి. చెయ్యి లాక్కుని బకెట్లో పడ్డ వాననీళ్లలో ముంచాను. మూడు రోజులుగా ఎండ మొహం చూడని ఇత్తడి ముక్క అది. దాని పక్కనున్న టెలిస్కోపు ట్యూబు ముట్టుకున్నాను, మంచులా ఉంది. టార్చి ఐపీస్‌కి మూడడుగుల దూరంలో ఉంది, అదీ వేడెక్కని ఎల్ఈడీ టార్చి. స్టవ్వు కింది గదిలో, అదీ ఆరిపోయి ఉంది. ఆయన మధ్యలో అగ్గిపుల్లతో కాల్చాడేమో అని కూడా చూశాను. పుల్ల లేదు, మసి లేదు, వాసన లేదు.

ఆయన స్టూలు మీంచి లేచి, "ఏమైంది సార్?" అని అడిగారు. ఆ అడగడంలో ఏదో ఆత్రం ఉంది. అది నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

"ఏం లేదు, రేకు గీసుకుంది" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. ఆయన నా చేతి వంక చూశారు.

ఆ తర్వాత ఫైలు తీసి చూశాను. శుక్ర, శని, ఆది, మూడు రోజులకీ బొమ్మలున్నాయి. మూడు కాగితాలూ తీసి నా బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. రిపోర్టు చేయడానికి సాక్ష్యం కావాలని. ఆయన వద్దనలేదు. ఆ బ్యాగు తర్వాత నా చేతిలోంచి ఇంకెవరి చేతికీ పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

దారి బాగుచేశాక కిందికి దిగాం. పటమటలో డాక్టరు నా వేళ్ల మీది బొబ్బలు చూసి, టీ గిన్నె పట్టుకున్నారా అని అడిగాడు. అవునన్నాను.

వారం తర్వాత నెట్టు వచ్చింది. ఉపగ్రహాలు తీసిన సూర్యుడి ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. ఆకాశంలో అంత ఎత్తున వాటికి మబ్బుల అడ్డు ఉండదు. ఆశీర్వాదం గారు వేసిన టైములకి దగ్గరగా ఉన్న మూడు ఫోటోలు వలయం సైజుకే ప్రింటు తీసి, కిటికీ అద్దానికి ఆనించి, వాటి మీద ఆయన కాగితాలు పెట్టాను. తప్పులు లెక్కపెడదామని ఎర్ర పెన్ను కూడా పట్టుకున్నాను.

ఎర్ర పెన్ను మూత తీయాల్సిన పని రాలేదు. మూడు రోజులవీ మచ్చ మీద మచ్చ కూర్చున్నాయి.

పాత మచ్చల్ని ఊహించొచ్చు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు, నిన్న ఇక్కడున్నది రేపు ఎక్కడుంటుందో అనుభవం ఉన్నవాడు చెప్పగలడు. కానీ శనివారం బింబం మధ్యలో ఒక కొత్త జంట పుట్టింది. శుక్రవారం ఫోటోలో అది లేదు. ఆయన శుక్రవారం బొమ్మలోనూ లేదు. శనివారం రెండు చిన్న చుక్కలు, ఆయన కాగితం మీద కూడా రెండు. ఆదివారానికి అవి తొమ్మిదయ్యాయి. ఆయన గీసినవి తొమ్మిది. ఇది భూమ్మీద ఎవరూ ముందుగా ఊహించగలిగేది కాదు. నెట్టులో చూసి గీశారంటారా, కాగితాలు ఆదివారం మధ్యాహ్నం నుంచి నా బ్యాగులో ఉన్నాయి. అంతకుముందు ఆ కొండ మీద ఫోను మోగే దిక్కే లేదు.

కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ వచ్చి జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసింది.

ఉన్నదున్నట్టు ట్రస్టుకి చెబితే ఏమవుతుందో ఆలోచించాను. ఫిజిక్సు మాస్టారు మూసిన డోమ్‌లో సూర్యుడొచ్చాడంటున్నాడని కాలేజీ అంతా నవ్వుతుంది. నన్ను కూడా ఆయనతో కలిపి దొంగ అంటారు. అంతకంటే, ఆ మాట పైకి అంటే అది నిజంగా జరిగినట్టవుతుందని భయమేసింది. అందుకని రిపోర్టులో ఇలా రాశాను: పరిశీలకుడు మబ్బు రోజులకి ఖాళీ కాగితాలు ఉంచుకుని, తర్వాత ఇంటర్నెట్ చూసి పూరించాడు. కింద సంతకం పెట్టాను.

విచారణ కాలేజీ ఆఫీసులో జరిగింది. ఆశీర్వాదం గారు చర్చికెళ్లే తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. చూడకుండా గీశావా అని కమిటీ వాళ్లు అడిగారు. చూసే గీశానండీ అన్నారు. కమిటీలో ఒకాయన, "అంత వానలో సూర్యుడు గొడుగేసుకుని వచ్చాడా ఆశీర్వాదం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆశీర్వాదం గారు నా వైపు తిరిగారు. నా మొహం వైపు కాదు. కట్టు కట్టిన నా వేళ్ల వైపు. నేను ఆ చెయ్యి బల్ల కిందికి దించాను.

అంతే. ఆయన పొడిగింపు ఆగిపోయింది. మూడు దొంగవైతే మిగతావి నమ్మేదెలా అని మొత్తం ముప్పై ఒక్క ఏళ్ల బొమ్మలూ స్టోరు గదిలో పడేశారు. విదేశీ కేంద్రానికి పంపలేమని జవాబు రాశారు. ఆ జవాబు రాసింది కూడా నేనే. ఆయన మంగళగిరి ఇల్లు ఖాళీ చేసి చల్లపల్లి వెళ్లిపోయారు. కొండ మీద కెమెరా వచ్చింది. నాకు పేరొచ్చింది.

పోయిన ఏడాది పటమటలో మందుల షాపు దగ్గర సువార్తమ్మ గారు కనిపించారు. తప్పుకుందామనుకున్నాను. ఆవిడే పిలిచారు. తిడతారనుకుంటే ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఆశీర్వాదం గారి సంగతి అడిగితే చేతిలో చీటీ చూపించారు. మతికి సంబంధించిన మాత్రలు. నాలుగేళ్లుగా వాడుతున్నారట. ఆయన పగలు బయటికి రారట. కిటికీలకి దుప్పట్లు కట్టించారట. లేనివి కనబడే రోగం తనకుందని తనే డాక్టరుకి చెప్పుకున్నారట.

ఆ వారమే మూడు కాగితాలూ, మూడు ఫోటోలూ తీసుకుని చల్లపల్లి వెళ్లాను.

ఆయన సగమైపోయారు. కుర్చీ చూపించారు. మర్యాదకి ఏమాత్రం లోటు లేదు. నేను బ్యాగు తెరుస్తుంటే ఆయనే అడిగారు.

"సార్, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు మీ వేళ్లకి ఏమైంది?"

కాలాయన్నాను. ఐపీస్ కాలుతూ ఉందని, పట్టుకుంటే బొబ్బలెక్కాయని, రేకు గీసుకోవడం అబద్ధమని చెప్పాను. బొమ్మలు మూడూ ఫోటోలతో సరిపోయాయని, అది నాకు విచారణకి ముందే తెలుసని, కాగితాలు నా బ్యాగు దాటలేదని, అంతా వరసగా చెప్పాను. ఆయన ఫోటోలు ఒళ్లో పెట్టుకుని శనివారం పుట్టిన జంట మీద వేలు పెట్టి చూశారు.

తర్వాత చెప్పారు. తలుపు మూసి ఉందని ఆయనకి తెలుసు. వాన వినిపిస్తూనే ఉంది. శుక్రవారం 'మబ్బు' అని రాద్దామని కాగితం బిగించగానే దాని మీద బింబం పడి ఉంది, మామూలు రోజున పడ్డట్టే. భయమేసి వెనక్కి జరిగారు. పోలేదు. గీయకుండా వదిలేయడానికి చెయ్యి రాలేదు. నన్ను పిలవాలనుకున్నారు. సార్‌కి కనబడకపోతే తనకి పిచ్చి పట్టినట్టే కదా అని పిలవలేదు. మూడో రోజు నేనే వచ్చాను, నాకు కనబడలేదు. కానీ నా చెయ్యి కాలిందని ఆయనకి అనుమానం వచ్చింది. విచారణలో నేను ఆ ఒక్క ముక్క చెబుతానని చూశారు.

"మీరు రేకు గీసుకుందన్నారు. సరే, నాకే మతి పోయిందనుకున్నానండీ."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న సువార్తమ్మ గారు అప్పుడు ఒక్క మాటన్నారు. "ఐదేళ్లు చీకట్లో కూర్చోబెట్టారు కదయ్యా మనిషిని." గొంతు పెంచలేదు. నేను లేచి నిలబడ్డాను. కూర్చోవాలో వెళ్లాలో తెలియలేదు. క్షమించమని అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు, ఇప్పటిదాకా చెప్పలేదు. బొమ్మలు పంపుతారా అని మాత్రం అడిగారు. ట్రస్టుని ఒప్పించి పంపుతానన్నాను.

"ఆ మూడూ కలిపి పంపండి. అవి తీసేసేటట్టయితే ఏవీ వద్దు."

ట్రస్టుకి నిజం రాసిచ్చాను. రెండు నెలలు తిప్పించుకున్నారు. ఆ మూడు కాగితాలు 'అంచనా' అని రాస్తే మిగతావి పంపుతామన్నారు. ఒప్పుకోలేదు. నన్ను ఇన్‌చార్జి పదవిలోంచి తీసేశారు, అది న్యాయమే. చివరికి స్టోరు ఖాళీ చేసే హడావుడిలో పట్టుకుపొమ్మన్నారు. పెట్టెలన్నీ మా ఇంటికి తెచ్చి, నేనే స్కాన్ చేసి ఆ కేంద్రానికి పంపాను.

ప్రతి బొమ్మకీ ఒక ఫారం నింపాలి. అందులో ఆకాశం ఎలా ఉందో రాయాలి, పక్కన ఎవరైనా ఉంటే సాక్షి సంతకం పెట్టాలి. ఆ మూడింటికీ ఆకాశం అన్నచోట 'పూర్తిగా మబ్బు, ఎడతెగని వాన, డోమ్ తలుపు మూసి ఉంది' అని రాశాను. ఆదివారం దానికి సాక్షిగా నా సంతకం పెట్టి, వేళ్లు కాలిన సంగతి కూడా రాశాను.

నెలకి జవాబొచ్చింది. బొమ్మలు చాలా శ్రద్ధగా ఉన్నాయని, ఆశీర్వాదం గారి పేరుతో తీసుకుంటున్నామని మర్యాదగా రాశారు. ఆ మూడు రోజుల దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడిగారు. బొమ్మలు ఉపగ్రహాల ఫోటోలతో సరిగ్గా సరిపోతున్నాయి, కానీ ఆకాశం మబ్బుగా ఉందని రాశారు, ఈ రెండింట్లో ఏది పొరపాటో తెలియజేయండి అని.

చల్లపల్లికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఏం రాయమంటారని అడిగాను. జరిగిందే రాయండి సార్ అన్నారాయన.

రెండూ పొరపాటు కాదని రాసి పంపాను. అదెలా సాధ్యమో నాకు తెలియదని కూడా రాశాను. అప్పటికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు. వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.